మూడు మూతల మందు

"సంచీ కింద పెట్టు," అంది తల్లి, మెట్టు మీద అడ్డంగా కూర్చుని. "పెట్టి మాట్లాడు."

టకటక సంచీ కింద పెట్టలేదు. మాట్లాడనూ లేదు.

ఆ పేరు సొంత అన్న పెట్టింది. కుట్టుమిల్లులో కాలర్లు కుట్టే చెల్లెలికి మిషను ఎంత జోరో నోరూ అంత జోరని. అలాంటి మనిషి ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి పెదవి విప్పడం లేదు. చంకలో కొడుకు, భుజాన వాడి బట్టల సంచీ. వాణ్ణి ఇంట్లో అందరూ గుండ్రాయి అంటారు. మొన్నటిదాకా నిజంగానే గుండ్రాయిలా దొర్లేవాడు. ఇప్పుడు కాస్త నలిగిపోయి, అమ్మమ్మ ముడి పట్టి లాగాలని చెయ్యి చాస్తున్నాడు.

ఎక్కడికే అని తల్లి అడిగింది. మేడమీద గది ఉండగా, కింద అన్న ఇల్లు ఉండగా, మొగుడు ఎక్కడో వంతెన పనిలో ఉండగా, పసివాణ్ణి వేసుకుని ఏ గోతిలో దూకుతావని అడిగింది. కూతురు గోడవైపు చూసింది.

గోడకు అవతల, కింది ముందుగదిలో, వదిన తొమ్మిదిమంది పిల్లలకు అన్నం మెత్తగా పిసికి పెడుతోంది.

పేటలో ఆమె పిల్లలమ్మ. బస్సు డ్రైవరు భార్య అని ఎవరూ అనరు, ఆ డ్రైవర్నే పిల్లలమ్మగారి ఆయన అంటారు. మిల్లుకీ దుకాణాలకీ పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి పోతారు. గుమ్మానికి మోకాలెత్తు చెక్క అడ్డం. గోడన మేకులకు వరసగా గిన్నెలు, ఒక్కో గిన్నెకు ఒక్కో రంగు దారం. ఎవరి గిన్నె వాళ్ళదే. ఆకలేస్తే పిల్లలు దారం చూపించి ఏడుస్తారు.

ఆ గదికి ఒక ఆచారం ఉంది. వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లలమ్మ గుమ్మం దగ్గరే ఆపుతుంది. అరచెయ్యి తిప్పి, వెనకవైపు నుదుటికి ఆనిస్తుంది. చల్లగా ఉంటే లోపలికి. వెచ్చగా ఉంటే ఇంటికి. బతిమాలినా అంతే, ఏడ్చినా అంతే. ఒకడి జ్వరం సాయంత్రానికి తొమ్మిదిమందికి పంచడం తనవల్ల కాదంటుంది. పోయిన నెల ఇదే గుండ్రాయిని, సొంత మేనల్లుణ్ణి, అదే గుమ్మం దగ్గర నుంచి వెనక్కి పంపింది. ఆ రోజు టకటక పని పోయింది, కూలి పోయింది, మిల్లులో తిట్లు మిగిలాయి.

మొన్న వాడి నుదురు చల్లగానే ఉంది. లోపలికి తీసుకుంది. మధ్యాహ్నం చూస్తే ఒళ్ళు వెచ్చబడింది. ఒక మూత జ్వరం మందు వేసి పడుకోబెట్టింది. వాడు కక్కుకున్నాడు. తర్వాత ఎంత లేపినా లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, మందు ఎక్కువైంది, ఎవరు వేశారు అని అడిగాడు. నేనే, ఒక మూత, అంది పిల్లలమ్మ. ఒక మూతకే కాదు, రెండింటికైనా ఇలా కాదమ్మా అన్నాడు ఆయన. అప్పుడు అందరి మొహాలూ ఆమె వైపు తిరిగాయి. మొగుడు కూడా, నిజం చెప్పు, ఎన్ని మూతలు వేశావు అన్నాడు. ఆ మాటతో ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. క్యారేజీ సర్ది బల్ల మీద పెడుతుంది. ఆయన తీసుకుపోతాడు. మూత చప్పుడు తప్ప ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య వేరే చప్పుడు లేదు.

పిల్లాడు నిన్న ఇంటికొచ్చాడు. రక్తపరీక్ష ఫలితం ఇవాళ రావాలి.

ఇవాళే ఇంకోటి కూడా ఉంది. పసిపిల్లల్ని చూసే ఇళ్ళకూ కేంద్రాలకూ ప్రభుత్వం నియమాలు రాసింది. ఖాయం చేసేముందు జనం మాట వింటామని మధ్యాహ్నం టౌనుహాలుకు రమ్మంది. పనిచేసే తల్లుల అభిప్రాయం కావాలట, పనివేళల్లో కావాలట. ఆ నియమాల్లో ఒకటి జ్వరం గురించి. జ్వరమున్న పిల్లను చేర్చుకున్న కేంద్రాన్ని మూసేయాలి. అంతే. ఆ పిల్ల ఎక్కడికి పోవాలో రాయలేదు.

కొత్త రోడ్డు మీద రంగుగోడల కేంద్రం ఒకటి ఉంది. దాని మేనేజరు ఆసుపత్రికే వచ్చాడు. మీ పిల్లాడికి జరిగింది సభలో మీరు చెప్పండి, తల్లి చెప్తే బరువుంటుంది, వాడికి మా దగ్గర చోటిస్తాం, ఫీజు మాట మర్చిపోండి అన్నాడు. టకటక అప్పుడూ ఏమీ అనలేదు. వద్దని కూడా అనలేదు.

ఇప్పుడు భుజాన సంచీ ఉంది. తల్లికి అర్థం కాకపోలేదు.

"వదిన మీద చెప్తావుటే?" అంది మెల్లగా.

కూతురు జవాబు చెప్పేలోపు కింద ఫోను మోగింది.

పిల్లలమ్మ తియ్యలేదు. మొగుడి పేరు చూసి, అన్నం చేత్తోనే ఉండిపోయింది. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని దిగి వచ్చి, చెక్క దాటి, ఫోను అందుకుని, స్పీకరు పెట్టి, చెప్పరా అంది. వెనకాలే టకటక దిగింది.

"అమ్మా," అన్నాడు డ్రైవరు, ఆసుపత్రి నుంచి. "వాడికి ఏమీ లేదు. కాలేయం బాగుందట. అంతా బాగుందట. ఇక రానక్కర్లేదన్నారు." గొంతు తగ్గించాడు. "నీ కోడలికి చెప్పు," అని పెట్టేశాడు.

తొమ్మిదిమందిలో ఒకత్తె గిన్నె బోర్లించి వాయిస్తోంది. టకటక సంచీ జారి కింద పడింది. గుండ్రాయి కూడా జారి, పాక్కుంటూ పోయి, తన నీలం దారం గిన్నె కింద నిలబడి వేలు చూపించాడు. అన్నం కావాలట.

పిల్లలమ్మ ఆ గిన్నె తీసి, రెండు ముద్దలు పెట్టి, వాడి ముందు పెట్టింది.

ముసలావిడ అక్కడే చాప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. బాగుందన్నారు కదా, ఏడుపెందుకు అత్తయ్యా అని కోడలు అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగితే, కొంగులోంచే అంది:

"నేనూ వేశాను."

"ఏంటి?"

"మందు. నువ్వు పాలకని వీధిలోకి పోయావు చూడు, అప్పుడు. వాడు నా ఒళ్ళోకొచ్చాడు, మెడ దగ్గర వెచ్చగా తగిలాడు. మేడమీద సీసా తెచ్చి ఒక మూత పోశాను. పిల్లలకు నేను తప్ప ఎవరూ ఏమీ పెట్టొద్దని నువ్వు చెప్పావు కదా. తిడతావని చెప్పలేదు. తర్వాత ఆసుపత్రిలో నోరు రాలేదు."

పిల్లలమ్మ అత్తగారి వైపు చాలాసేపు చూసింది. తిట్టలేదు. అత్తగారిది ఒకటి, తనది ఒకటి, రెండు మూతలు. రెండు మూతలకు కూడా ఇంత కాదని డాక్టరు మాటల్లో ఉంది. ఆమె కళ్ళు అత్తగారి మీంచి లేచి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడపడుచు మీదికి పోయాయి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు టకటక చెంగుతో మూతి తుడుచుకుంది.

"నువ్వు కూడానా?"

టకటక తల ఊపింది.

"ఎప్పుడు?"

"నీ దగ్గరికి తెచ్చేముందు."

"అంటే నా చేతికి తగిలింది చల్లని నుదురు కాదు. మందు."

"చెప్తే తీసుకునేదానివా వదినా?"

పిల్లలమ్మ గోడన గిన్నెల వైపు చూసింది.

"చెప్పు. తీసుకునేదానివా? పోయిన నెల నిజం చెప్పాను, వెనక్కి పంపావు. ఆ రోజు సూపర్‌వైజరు నా మిషను దగ్గర నిలబడి, నీ కొడుక్కి జలుబు చేస్తే మిల్లు మూసుకోవాలా అన్నాడు. అందరూ విన్నారు. ఆ రోజే తెలిసింది నాకు, నీ గుమ్మం దగ్గర నిజం చెప్పకూడదని. నాకొక్కదానికే తెలిసిందనుకుంటున్నావా? నీ దగ్గరికొచ్చే ఏ తల్లి సంచీలో చూడు, సీసా ఉంటుంది. పిల్లకి మందు పట్టించి, నుదురు చల్లబడేదాకా వీధి మలుపులో ఆడిస్తారు. ఆ తర్వాతే వస్తారు."

"రెండు రోజులు," అంది పిల్లలమ్మ. గొంతు పైకి లేవలేదు. "రెండు రోజులు నన్ను పిల్లాణ్ణి చంపబోయినదాన్ని చేసి నిలబెట్టావు. నా మొగుడు నన్ను ఎన్ని మూతలని అడుగుతుంటే పక్కనే ఉన్నావు. నువ్వు. గంటకు వంద మాటలు మాట్లాడే నువ్వు."

"భయమేసింది."

"నాకు వెయ్యలేదా?"

టకటక వచ్చి చాప అంచున కూర్చుంది. పిల్లలమ్మ గోడకు జారబడి కూర్చుంది. ముగ్గురాడవాళ్ళూ చాప మీద, ముగ్గురి మధ్య గుండ్రాయి, మూతి నిండా అన్నం.

ముసలావిడ ముక్కు చీది, వాణ్ణి చూసి, "ఎంత ప్రేమగా చంపబోయామురా నిన్ను," అంది. "ఒక్కరు ప్రేమిస్తే సరిపోయేది."

ముందు టకటకకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆగలేదు. పిల్లలమ్మ, నవ్వకు, నాకు ఇంకా కోపం ఉంది అంది. అంటూనే మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. పిల్లలకు ఎందుకో తెలియదు గానీ వాళ్ళూ మొదలుపెట్టారు. గిన్నెలు వాయించారు.

తర్వాత పిల్లలమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. సంచీ తీసి మేకుకు తగిలించింది. మధ్యాహ్నం సభకు పోతున్నావా అని అడిగింది. పోతున్నానంది టకటక. ఏం చెప్తావని వదిన అడగలేదు. అడగకపోవడమే ఆమెకు కష్టమైంది.

*

టౌనుహాల్లో ముందు వరసలన్నీ ఇస్త్రీ చొక్కాలు. పెద్ద కేంద్రాల వాళ్ళు. తల్లులు వెనక, గోడవారన, సగం కూలి వదులుకుని వచ్చినవాళ్ళు కొందరే. పిల్లలమ్మ అత్తగారినీ, తొమ్మిదిమందిలో నలుగురినీ వెంట తెచ్చింది, మిగతావాళ్ళను పక్కింటావిడకు అప్పగించింది. డ్రైవరు డ్యూటీ చొక్కాతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. భార్య చూసింది. చూడనట్టు పిల్లకి ముక్కు తుడిచింది.

వేదిక మీద కమిటీ పెద్దావిడ, ఇంకో ఇద్దరు. పెద్దావిడ వినే మనిషే, అబద్ధమెందుకు. అయితే వినడానికి ఆవిడకు దొరికినవన్నీ ఇస్త్రీ మాటలు. శుభ్రత ముఖ్యం, ప్రమాణాలు ముఖ్యం, ఇళ్ళల్లో నడిపేవి ప్రమాదం. రంగుగోడల మేనేజరు చక్కగా మాట్లాడాడు. చివర్లో, మొన్ననే ఒక పసివాడు ఇలాంటి ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు, తల్లి ఇక్కడే ఉంది అని చెయ్యి చాపాడు.

టకటక మైకు దగ్గరికి నడిచింది. మైకు ఎత్తుగా ఉంది. దించబోతే కీచుమంది. పట్టించుకోలేదు.

"ఆ పసివాడు నా కొడుకు. బాగున్నాడు. ఇవాళే చెప్పారు." ఆగింది. "మొదటి మూత మందు నేను వేశాను. వేసి దాచాను. చూసుకునేవాళ్ళకు తెలియక మళ్ళీ వేశారు. ఇల్లు ప్రమాదం కాదండి. దాచడం ప్రమాదం."

పెద్దావిడ ముందుకు వంగింది. ఎందుకు దాచారమ్మా అని అడిగింది. తప్పుపట్టి కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"జ్వరమని చెప్తే వదిన తీసుకోదు. తీసుకోకపోతే మిల్లుకి పోలేను. పోకపోతే కూలి పోతుంది, మిషను ఇంకొకరికి పోతుంది. మీరు రాసింది చదివించుకుని విన్నానండి. జ్వరం పిల్ల వస్తే కేంద్రం మూయాలి. బాగుంది. అలాగైతే, ఇప్పుడు ఒక మూత వేసే తల్లి రేపు రెండు వేస్తుంది, నుదురు ఇంకా చల్లగా ఉండాలని. మీ నియమం మా వదిన గుమ్మం దగ్గర కాపలా నిలబడింది. మా మిల్లు గుమ్మం దగ్గర కూడా ఒకటి నిలబెట్టండి. బిడ్డకు జ్వరమొచ్చిన రోజు తల్లి ఇంట్లో ఉంటే పని పోదు అని రాయండి. అప్పుడు మందు దాచేది ఎవరు?"

మేనేజరు లేచి ఏదో అనబోయాడు. పెద్దావిడ కూర్చోమంది.

వెనకనుంచి పిల్లలమ్మ లేచింది. రాత్రంతా బట్టీపట్టిన మాటలు చాలా ఉన్నాయి. మైకు దగ్గరికి పోయేసరికి ఒక్కటీ మిగల్లేదు. నా గుమ్మం దగ్గర నిజం చెప్పినవాళ్ళను నేను కూడా వెనక్కి పంపాను, అది సరిగా పనిచెయ్యలేదు అంది. పక్కన చిన్న గది, చూసేందుకు ఇంకో మనిషి ఉంటే జ్వరం పిల్లను వేరుగా ఉంచగలనని, ఆ మనిషి జీతం తనవల్ల కాదని చెప్పింది. అంతే. దిగింది.

అప్పుడు ముసలావిడ కర్ర ఊతంగా లేచింది. ఎవరూ పిలవలేదు. మీరెవరమ్మా అని వేదిక మీంచి అడిగారు.

"నేను రెండో మూతనండి."

హాలు నవ్వింది. ముందు వరసల్లో కొందరు కూడా నవ్వారు. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ముసలావిడ మాత్రం నవ్వకుండా, మా కోడలు మంచిది, రాసుకోండి అని చెప్పి వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత వెనక గోడవారన తల్లులు ఒకరొకరు మైకు దగ్గరికి పోయారు. అందరూ కాదు. పోయినవాళ్ళు ఒకే మాట చెప్పారు, రకరకాలుగా. ఒకామె మందు సీసా సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది, మాట్లాడలేక.

పెద్దావిడ పక్కవాళ్ళతో గుసగుసలాడింది. జ్వరం నియమాన్ని ఇలాగే ఖాయం చెయ్యబోమని చెప్పింది. తిరగరాస్తామని, అప్పటిదాకా దాని పేరు చెప్పి ఏ ఇంటినీ మూయబోమని చెప్పింది. మిల్లు సంగతి తమ చేతిలో లేదని నిజాయితీగా ఒప్పుకుంది. అయినా వచ్చే సభకు మిల్లు వాళ్ళను పిలుస్తానంది. టకటక వైపు తిరిగి, ఇవే మాటలు వాళ్ళ ఎదుట చెప్పగలరా అని అడిగింది.

టకటక చెప్తానంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ ఆకలేసింది. మొన్నటి నుంచి ఎవరూ సరిగా తినలేదు. డ్రైవరు కంచం ముందు కూర్చుని, ముట్టకుండా, భార్యతో అడగకూడని మాట అడిగానన్నాడు.

"అడిగావు," అంది పిల్లలమ్మ. "తిను, చల్లారిపోతోంది."

ఆ ముక్క చాలు ఆయనకు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

గుండ్రాయి మళ్ళీ దొర్లడం మొదలుపెట్టాడు. మందు సీసాలు రెండూ కింది గదిలో ఒకే అరలోకి వచ్చాయి. ముసలావిడ ఆ అరవైపు చూడనని ఒట్టేసింది. ఎవరూ నమ్మలేదు.

మిల్లులో పక్క మిషను మీద కుట్టే ఆవిడ వీధిలోంచే కబురు చెప్పిపోయింది. సభ మాటలు మిల్లుకి చేరాయట. రేపు మిషను మీద కూర్చునేముందు వచ్చి కనబడమన్నాడట సూపర్‌వైజరు. టకటక వింది. రేపటి చీర మడతపెట్టుకుంది.

తెల్లారింది. పిల్లలమ్మ ఎప్పట్లాగే చెక్క దగ్గర నిలబడింది. మొదట వచ్చింది బస్టాండులో టిక్కెట్లు అమ్మే అమ్మాయి, చంకలో కూతురు. వెనక ఇంకో నలుగురు తల్లులు వరసలో.

పిల్లలమ్మ చెయ్యి తిప్పి నుదుటికి ఆనించింది. చల్లగా ఉంది.

"ఆ చల్లదనం దానిది కాదక్కా," అంది టిక్కెట్ల అమ్మాయి. మొహం తెల్లబోయింది గానీ మాట ఆగలేదు. "రాత్రి జ్వరం ఉంది. వచ్చేముందు ఒక మూత వేశాను. చెప్తున్నాను."

వెనక వరస కదలడం ఆగిపోయింది. నిజం చెప్పిన మనిషికి ఇప్పుడు ఏమవుతుందో చూడాలని నలుగురూ మెడలు చాచారు. వెనక్కి పంపితే ఈ గుమ్మం దగ్గర ఇంకెవరూ నిజం చెప్పరు. లోపలికి రానిస్తే లోపల ఉన్నవాళ్ళంతా పిల్లలే.

పిల్లలమ్మ చెయ్యి పాప నుదుటి మీదే ఉంది. తియ్యలేదు. తల తిప్పి, మెట్ల దగ్గర మిల్లుకి బయల్దేరిన ఆడపడుచు వైపు చూసింది.

"మేడమీద నీ గది ఖాళీయే కదా," అంది. "ఈ పాపను అక్కడ పడుకోబెడతాను. దగ్గర కూర్చునే మనిషి కావాలి, అత్తయ్య అయితే ఇంకో మూత పోస్తుంది. ఈ ఒక్క పూట ఉండగలవా?"

దూరంగా మిల్లు కూత మొదలైంది.

టకటక ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండోది ఇంకా చేతిలోనే ఉంది.